చాంద్ బీబీ: వియ్యానికీ కయ్యానికీ నడుమ ఒక జీవితం

దక్కను చరిత్రలో చాంద్ బీబీ పేరు వినగానే కోట బురుజుపై కత్తి దూసి నిలిచిన వీరనారి రూపమే కళ్ల ముందు మెదులుతుంది. మొగల్ చక్రవర్తి అక్బరు పంపిన మహాసేనను అహ్మద్‌నగర్ కోట వద్ద నిలువరించిన ఘట్టం ఆమెకు ఆ కీర్తిని తెచ్చిపెట్టింది. అయితే సుమారు యాభై ఏళ్ల ఆమె జీవితంలో ఆ ముట్టడి కొద్ది నెలల కథ మాత్రమే. మిగిలిన కాలమంతా రెండు రాజవంశాల మధ్య వారధిగానే గడిచింది. అహ్మద్‌నగర్ నిజాం షాహీలకు ఆమె ఆడపడుచు, బీజాపూర్ ఆదిల్ షాహీలకు కోడలు. ఒక ఒప్పందానికి హామీగా ఆమె పెళ్లి జరిగింది. మరో ఒప్పందానికి సిద్ధపడినందుకు ఆమె ప్రాణం పోయింది.

ఇరుగుపొరుగు రాజ్యాలు, ఎడతెగని పోరు

బహమనీ రాజ్యం 15వ శతాబ్దం చివర చీలిపోగా దక్కనులో ఐదు రాజ్యాలు తలెత్తాయి. అహ్మద్‌నగర్‌లో నిజాం షాహీలు, బీజాపూర్‌లో ఆదిల్ షాహీలు, గోల్కొండలో కుతుబ్ షాహీలు, బీదరులో బరీద్ షాహీలు, బేరారులో ఇమాద్ షాహీలు పాలకులయ్యారు. దక్షిణాన తుంగభద్ర ఆవల విజయనగర సామ్రాజ్యం ఉండేది. ఈ రాజ్యాల మధ్య సరిహద్దులు ఏటేటా మారుతుండేవి. నిన్నటి మిత్రుడు నేటి శత్రువయ్యేవాడు. సరిహద్దు కోటలు చేతులు మారినప్పుడల్లా కొత్త సంధులు కుదిరేవి. ఆ సంధులకు బలం చేకూర్చేందుకు రాజకుమార్తెలను వధువులుగా పంపడం ఆనాటి రాజనీతిలో మామూలు విషయం.

పెళ్లితో పగ చల్లారుతుందన్న భరోసా మాత్రం ఉండేది కాదు. 1524లో బీజాపూర్ సుల్తాను ఇస్మాయిల్ ఆదిల్ షా తన సోదరి మరియంను అహ్మద్‌నగర్ సుల్తాను బుర్హాన్ నిజాం షాకు ఇచ్చి వివాహం చేశాడు. షోలాపూర్ కోటను వధువుకు అరణంగా ఇస్తామని బీజాపూర్ పక్షం మాట ఇచ్చింది. పెళ్లి జరిగింది కానీ కోట మాత్రం చేతికి రాలేదు. బంధుత్వం కలిపిన ఆ రెండు వంశాలు అదే కోట కోసం దశాబ్దాల పాటు కత్తులు దూసుకున్నాయి. చివరకు అహ్మద్‌నగర్ షోలాపూర్‌ను బలంతోనే దక్కించుకుంది. ఆ బుర్హాన్ నిజాం షా మనుమరాలే చాంద్ బీబీ.

అరణంగా మళ్లీ షోలాపూర్

చాంద్ బీబీ 1550 ప్రాంతంలో జన్మించింది. తండ్రి హుస్సేన్ నిజాం షా, తల్లి ఖూంజా హుమాయూన్. ఆమె బాల్యంలో తండ్రి రాజ్యానికి గడ్డుకాలం నడిచింది. షోలాపూర్, కల్యాణి కోటలను తిరిగి రాబట్టుకోవాలన్న పట్టుదలతో బీజాపూర్ సుల్తాను అలీ ఆదిల్ షా విజయనగరాధిపతి అళియ రామరాయల అండ కోరాడు. కొడుకును పోగొట్టుకున్న రామరాయలను పరామర్శించేందుకు అలీ స్వయంగా విజయనగరం వెళ్లాడని, ఆ సందర్భంలో రామరాయల భార్య అతనిని కుమారుడిగా భావించిందని పారశీక చరిత్రకారుడు ఫెరిస్తా రాశాడు. గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్ షాకూ విజయనగరంతో దగ్గరి అనుబంధం ఉంది. తెలుగు కవులు మల్కిభరాముడని కీర్తించిన ఈ ఇబ్రహీం, అన్న జంషీద్‌కు భయపడి ఏడేళ్లు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో గడిపినవాడే. ఈ ముగ్గురి సేనలు కలిసి అహ్మద్‌నగర్ మీద విరుచుకుపడ్డాయి. హుస్సేన్ నిజాం షా అవమానకరమైన షరతులకు తలొగ్గవలసి వచ్చింది.

అయితే రామరాయల బలం పెరిగేకొద్దీ అతని మిత్రులకూ గుబులు మొదలైంది. ఒకరిపై ఒకరిని ఉసిగొల్పి తన రాజ్యాన్ని విస్తరించుకుంటున్నాడని సుల్తానులు గ్రహించారు. తమలో తాము కలవక తప్పదని తేలింది. ఏళ్ల తరబడి యుద్ధాలు చేసుకున్న అలీ, హుస్సేన్‌ల మధ్య నమ్మకం కుదరడానికి కాగితం మీద సంధి చాలలేదు. 1564 ప్రాంతంలో హుస్సేన్ తన కుమార్తె చాంద్ బీబీని అలీకి ఇచ్చాడు. అలీ సోదరిని హుస్సేన్ కుమారుడు మూర్తజాకు ఇచ్చారు. ఇలా కుండమార్పిడి పెళ్లిళ్లతో రెండు వంశాలూ ఒకరి ఆడపడుచును మరొకరి ఇంట హామీగా ఉంచుకున్నాయి. హుస్సేన్ మరో కుమార్తె గోల్కొండ సుల్తాను ఇబ్రహీంకు భార్య అయింది. చాంద్ బీబీతో పాటు అరణంగా వెళ్లినది షోలాపూర్ కోటే. నలభై ఏళ్ల క్రితం ఒక పెళ్లిలో ఇవ్వక ఎగ్గొట్టిన కోట మరో పెళ్లితో తిరిగి బీజాపూర్ చేరింది.

ఈ వియ్యాల ఫలితం 1565 జనవరి 23న కృష్ణా తీరాన తేలింది. తళ్లికోట యుద్ధంగా పేరొందిన ఆ సమరంలో సుల్తానుల కూటమి విజయనగర సేనను ఓడించింది. రామరాయలు హతుడయ్యాడు. మహానగరం విజయనగరం విధ్వంసమైంది. ఆ విజయానికి ముడి వేసిన పెళ్లిళ్లలో ఒకదాని వధువు చాంద్ బీబీకి అప్పటికి పదిహేనేళ్లు నిండాయో లేదో. ఉమ్మడి శత్రువు కూలిన తర్వాత సుల్తానుల ఐకమత్యం ఎంతోకాలం నిలువలేదు. వియ్యపు వంశాలు మళ్లీ కయ్యానికి కాలు దువ్వాయి. ఆమె మాత్రం బీజాపూర్‌లోనే ఉండిపోయింది.

మెట్టినింట వారసుడి సంరక్షకురాలు

భర్తతో కలిసి గుర్రపు స్వారీ చేసేదని, వేటకు వెళ్లేదని చాంద్ బీబీ గురించి చెబుతారు. అరబ్బీ, పారశీక, తురుష్క భాషలతో పాటు మరాఠీ, కన్నడం కూడా ఆమెకు వచ్చని ప్రతీతి. చేతిపై డేగతో గుర్రంపై వెళుతున్న ఆమె రూపాన్ని తరువాతి కాలపు దక్కను చిత్రకారులు ఎన్నోసార్లు చిత్రించారు.

1580లో అలీ ఆదిల్ షా హత్యకు గురయ్యాడు. అతనికి కుమారులు లేరు. సోదరుడి కొడుకైన తొమ్మిదేళ్ల ఇబ్రహీం గద్దెనెక్కాడు. బాల సుల్తాను పెంపకం, చదువుసంధ్యలు చాంద్ బీబీ చేతికి వచ్చాయి. పుట్టింట తల్లి ఖూంజా హుమాయూన్‌కు ఎదురైన అనుభవం ఆమెకు తెలుసు. భర్త మరణానంతరం కుమారుడు మూర్తజా తరఫున ఖూంజా హుమాయూన్ కొన్నేళ్లు రాజ్యం నడిపింది. చివరకు ఆ కుమారుడే ఆమెను నిర్బంధించి అధికారం చేపట్టాడు. సంరక్షకురాలి పదవి ఎంత అస్థిరమో చాంద్ బీబీకి వేరే చెప్పనవసరం లేదు.

ఆ అస్థిరత బీజాపూర్‌లోనూ త్వరలోనే బయటపడింది. మంత్రి కామిల్ ఖాన్ సర్వాధికారాలు హస్తగతం చేసుకుని ఆమెను లెక్కచేయకుండా ప్రవర్తించగా, కిష్వర్ ఖాన్ అనే మరో ప్రముఖుడి సాయంతో అతనిని తొలగించింది. ఆ కిష్వర్ ఖాన్ అంతకంటే ప్రమాదకారిగా తేలాడు. చాంద్ బీబీపై నిందలు మోపి సతారా కోటలో బంధించాడు. అతని దురాగతాలను సహించలేక హబ్షీ సర్దారులు తిరగబడటంతో కిష్వర్ ఖాన్ పారిపోయాడు. చాంద్ బీబీ విడుదలై తిరిగి రాజధాని చేరింది. ఆ తరువాత హబ్షీ సర్దారుల మధ్యే అధికార పోరు మొదలైంది.

పుట్టింటి సేన ముట్టడి

బీజాపూర్ బలహీనపడిందని పొరుగు రాజ్యాలకు అర్థమైంది. అహ్మద్‌నగర్, గోల్కొండ సేనలు కలిసి దండెత్తి రాజధానిని చుట్టుముట్టాయి. అప్పుడు అహ్మద్‌నగర్ సుల్తాను చాంద్ బీబీ సోదరుడు మూర్తజా. గోల్కొండను ఏలుతున్నది ఆమె సోదరి మెట్టిన కుతుబ్ షాహీ వంశపు యువ సుల్తాను మహమ్మద్ కులీ. పుట్టింటి జెండా, సోదరి మెట్టినింటి జెండా కోట వెలుపల ఎగురుతుండగా ఆమె మెట్టినింటి పక్షాన గోడల లోపల నిలిచింది.

కోటలో సైన్యం కొద్దిగానే ఉంది. అసలు బలహీనత సర్దారుల కలహంలో ఉందని చాంద్ బీబీ గుర్తించింది. హబ్షీలపై అసూయతో మిగతా వర్గాల వారు సహకరించడం లేదు. దాంతో హబ్షీ సర్దారులు అధికారాన్ని ఆమెకు అప్పగించేందుకు ఒప్పుకున్నారు. షా తాహిర్ కుమారుడు అబుల్ హసన్‌ను ఆమె మంత్రిగా నియమించింది. అతను మరాఠా ఆశ్వికులను రప్పించాడు. శత్రు శిబిరాలకు వెళ్లే ధాన్యం, మేత దారిలోనే దోపిడీకి గురవసాగాయి. దాదాపు ఏడాది సాగిన ముట్టడిని ఆకలితో, విసుగుతో ఎత్తివేసి రెండు సేనలూ వెనుదిరిగాయి.

యుద్ధం తేల్చలేనిది మళ్లీ పెళ్లిళ్లకే వచ్చింది. 1584లో ఇబ్రహీం ఆదిల్ షా సోదరి ఖదీజాను మూర్తజా కుమారుడు మీరాన్ హుస్సేన్‌కు ఇచ్చారు. వధువు వెంట అహ్మద్‌నగర్ వెళ్లింది చాంద్ బీబీయే. ఇరవై ఏళ్ల క్రితం వధువుగా వదిలిన ఊరికి ఆమె మరో వధువును తోడ్కొని తిరిగి వచ్చింది. ఆ తరువాత కొద్ది ఏళ్లకే గోల్కొండ సుల్తాను మహమ్మద్ కులీ సోదరితో ఇబ్రహీం వివాహం జరిగింది. 1591లో హైదరాబాద్ నగరాన్ని నిర్మించిన మహమ్మద్ కులీ ఇలా బీజాపూర్ సుల్తానుకు బావమరిది అయ్యాడు. మూడు వంశాలూ మళ్లీ ఒక్క ముడిలోకి వచ్చాయి.

నాలుగు ముక్కలైన పుట్టిల్లు

ఆ ముడికి మొదటి గాటు అహ్మద్‌నగర్‌లోనే పడింది. 1588లో మీరాన్ హుస్సేన్ తండ్రి మూర్తజాను చంపించి సుల్తాను అయ్యాడు. ఏడాది తిరగకముందే అతనూ హతుడయ్యాడు. కొంత గందరగోళం తరువాత 1591లో మూర్తజా సోదరుడు బుర్హాన్ గద్దెనెక్కాడు. అతను అంతకు ముందు అక్బరు ఆస్థానంలో ఆశ్రయం పొందినవాడు. ఆ కృతజ్ఞతతో తనకు లొంగి ఉంటాడని అక్బరు ఆశించాడు. రాజ్యం చేతికి వచ్చాక బుర్హాన్ ఆ మాట పెడచెవిన పెట్టాడు. 1595లో అతను మరణించాడు. కొడుకు ఇబ్రహీం నిజాం షా కొద్ది నెలలకే బీజాపూర్ సేనతో జరిగిన పోరులో నేలకొరిగాడు.

గద్దె కోసం నాలుగు వర్గాలు నలుగురిని ముందుకు తెచ్చాయి. మంత్రి మియాన్ మంజూ అహ్మద్ అనే బాలుడిని సుల్తానుగా ప్రకటించాడు. హబ్షీ సర్దారుల్లో ఒక వర్గం మోతీ అనే మరో బాలుడిని నిలిపింది. మరో వర్గం వృద్ధుడైన షా అలీని సమర్థించింది. చనిపోయిన సుల్తాను పసికందు బహదూర్‌దే న్యాయమైన హక్కని చాంద్ బీబీ వాదించింది. ఈ కుమ్ములాటలో మియాన్ మంజూ ఘోరమైన పొరపాటు చేశాడు. గుజరాత్‌లో ఉన్న అక్బరు కుమారుడు మురాద్‌ను సాయానికి రమ్మని పిలిచాడు. దక్కనులో అడుగుపెట్టే సందు కోసం ఎదురుచూస్తున్న మొగలులకు అదే చాలింది. మురాద్ వచ్చేసరికి మంజూ తన పని తాను చక్కబెట్టుకుని, పిలిచినందుకు పశ్చాత్తాపపడ్డాడు. బీజాపూర్, గోల్కొండల సాయం కోరుతూ రాజధాని విడిచి వెళ్లాడు. కోట బాధ్యత చాంద్ బీబీ చేతిలోకి వచ్చింది.

గోడ కూలిన రోజు

1595 డిసెంబరులో మొగల్ సేన అహ్మద్‌నగర్ కోటను చుట్టుముట్టింది. మురాద్‌తో పాటు ఖాన్ ఖానాన్ అబ్దుర్ రహీం, ఖాందేశ్ పాలకుడు రాజా అలీ ఖాన్ వచ్చారు. మురాద్‌కూ ఖాన్ ఖానాన్‌కూ పొసగలేదు. అది కోటలోని వారికి కలిసివచ్చింది.

మొగలులు కోట గోడ కిందకు సొరంగాలు తవ్వి మందుగుండు నింపారు. ఆ సంగతి ముందుగా తెలియడంతో చాంద్ బీబీ లోపలి నుంచి ఎదురు తవ్వించి రెండు సొరంగాల్లోని మందును తీయించింది. మూడోదానిని వెలికితీస్తుండగానే అది పేలింది. గోడలో పెద్ద భాగం కూలిపోయింది. సర్దారులు భయంతో వెనకడుగు వేస్తున్న ఆ క్షణంలో చాంద్ బీబీ కవచం ధరించి, ముఖానికి మేలిముసుగు కప్పి, కత్తి చేతబట్టి కూలిన గోడ వద్దకు వచ్చింది. ఆమెను చూసి పారిపోతున్నవారు వెనక్కి తిరిగారు. సాయంత్రం వరకు మొగలుల దాడులు ఒకదాని వెంట ఒకటి విఫలమయ్యాయి. రాత్రంతా దగ్గరుండి ఆమె గోడ కట్టించింది. తెల్లవారేసరికి పగులు మూసుకుపోయింది. గుండ్లు అయిపోతే రాగి, వెండి, బంగారు నాణేలను ఫిరంగుల్లో కూర్చి పేల్చిందన్న కథ తరువాత ప్రచారంలోకి వచ్చింది.

బయట ఆమె నమ్ముకున్న మరో బలం కదిలింది. తాను పెంచిన ఇబ్రహీం ఆదిల్ షా సేనాని సుహైల్ ఖాన్‌ను పెద్ద సైన్యంతో పంపాడు. మహమ్మద్ కులీ కుతుబ్ షా గోల్కొండ నుంచి దళాలను పంపాడు. ఆ సేనలు దగ్గరకు వస్తున్నాయన్న వార్త, శిబిరంలో ధాన్యం కొరత మొగలులను సంధి వైపు నెట్టాయి. చాంద్ బీబీ పరిస్థితీ అంత మెరుగ్గా లేదు. కోటలోనూ ఆహారం తరిగిపోతోంది. 1596 ఆరంభంలో ఒప్పందం కుదిరింది. బేరారు ప్రాంతాన్ని మొగలులకు వదులుకున్నారు. బదులుగా బాలుడు బహదూర్‌ను అహ్మద్‌నగర్ సుల్తానుగా గుర్తించారు. సగం రాజ్యం ఇచ్చి ప్రాణం నిలుపుకున్న సంధి అది. చాంద్ బీబీని ప్రజలు చాంద్ సుల్తానా అని పిలవసాగారు.

చివరి ఒప్పందం

సంధి ఎక్కువ కాలం నిలువలేదు. బేరారు సరిహద్దు ఎక్కడిదాకా అన్న వివాదంతో తిరిగి యుద్ధం వచ్చింది. 1597 ఆరంభంలో గోదావరి తీరాన సోన్‌పేట్ వద్ద బీజాపూర్, గోల్కొండ, అహ్మద్‌నగర్ సేనలు సుహైల్ ఖాన్ నాయకత్వంలో ఖాన్ ఖానాన్‌ను ఎదుర్కొన్నాయి. తళ్లికోట తరువాత మూడు వంశాలు ఒకే పక్షాన నిలిచిన అరుదైన సందర్భం ఇది. రెండు రోజుల భీకర పోరులో మొగలుల పక్షాన ఉన్న ఖాందేశ్ పాలకుడు రాజా అలీ ఖాన్ మరణించాడు. చివరకు విజయం మొగలులకే దక్కింది. వియ్యపు వంశాల ఉమ్మడి సైన్యం ఓడిన తరువాత అహ్మద్‌నగర్ ఒంటరిదైంది.

లోపల పరిస్థితి మరింత దిగజారింది. ఆమె నియమించిన మంత్రులే ఒకరి తరువాత ఒకరు ఆమె అధికారాన్ని కాదన్నారు. మహమ్మద్ ఖాన్ ఎదురు తిరిగినప్పుడు బీజాపూర్ సాయంతో తప్పించింది. ఆ స్థానంలోకి వచ్చిన నిహాంగ్ ఖాన్ ఆమెను, బాల సుల్తానును చేజిక్కించుకోవాలని చూడగా కోట తలుపులు మూయించింది. 1599లో మురాద్ మరణించడంతో అక్బరు మరో కుమారుడు దానియాల్‌ను పంపాడు. చక్రవర్తి స్వయంగా దక్కను బాట పట్టాడు. 1600లో మొగల్ సేన మళ్లీ అహ్మద్‌నగర్‌ను ముట్టడించింది.

ఈసారి బయటి నుంచి సాయం వచ్చే ఆశ లేదు. కోటలో సర్దారులు నమ్మదగినవారు కారు. కోటను అప్పగించి బాలుడు బహదూర్‌తో జున్నార్ వెళ్లిపోవడమే మార్గమని చాంద్ బీబీ భావించింది. కోట పోయినా సుల్తాను మిగిలితే రాజ్యం మిగులుతుందన్నది ఆమె లెక్క. ఆ ఆలోచనను జీతా ఖాన్ అనే అంతఃపుర అధికారితో పంచుకుంది. అతను బయటకు పరుగెత్తి, ఆమె శత్రువుతో చేతులు కలిపి కోటను అమ్మేస్తోందని కేకలు వేశాడు. ఆగ్రహించిన సైనికుల గుంపు అంతఃపురంలోకి చొరబడి ఆమెను చంపింది. నాలుగేళ్ల క్రితం కూలిన గోడ వద్ద ఆమె వెనక నిలిచిన కోటలోనే ఆ పని జరిగింది.

ఆమె హత్యతో కోటకు రక్షణ రాలేదు. కొద్ది రోజులకే సొరంగాలు పేల్చి మొగలులు లోపలికి ప్రవేశించారు. 1600 ఆగస్టులో అహ్మద్‌నగర్ వారి వశమైంది. బాల సుల్తాను బహదూర్‌ను గ్వాలియర్ కోటకు బందీగా తరలించారు. ఏ మార్పిడితో అతనిని కాపాడాలని చాంద్ బీబీ తలచిందో ఆ అవకాశం ఆమెతోనే పోయింది.

ఆమె తరువాత

వియ్యాలతో రాజ్యం నిలుపుకునే రీతి మాత్రం ఆగలేదు. 1604లో ఇబ్రహీం ఆదిల్ షా తన కుమార్తెను అహ్మద్‌నగర్‌ను గెలిచిన దానియాల్‌కే ఇచ్చి వివాహం చేశాడు. వధువు పల్లకీ వెంట వెళ్లిన వారిలో చరిత్రకారుడు ఫెరిస్తా ఉన్నాడు. పెళ్లయిన కొద్ది నెలలకే, 1605లో దానియాల్ మరణించాడు. మరోవైపు హబ్షీ సేనాని మాలిక్ అంబర్ నిజాం షాహీ వంశపు మరో యువకుడిని సుల్తానుగా నిలిపి, తన కుమార్తెను అతనికిచ్చి పెళ్లి చేసి, 1626లో మరణించేవరకు మొగలులను ఎదిరించాడు. 1636లో నిజాం షాహీ రాజ్యం పూర్తిగా అంతరించింది. మరో యాభై ఏళ్లకు ఔరంగజేబు 1686లో బీజాపూర్‌ను, 1687లో గోల్కొండను కలుపుకున్నాడు. అహ్మద్‌నగర్ అనే అడ్డుగోడ కూలితే తమ వంతూ వస్తుందన్న సంగతి ఆ రెండు వంశాలకూ 1597లోనే తెలుసు.

నేడు అహిల్యానగర్‌గా పేరు మారిన ఆ పట్టణ సమీపంలో కొండపై ఉన్న మూడంతస్తుల కట్టడాన్ని స్థానికులు చాంద్ బీబీ మహల్ అంటారు. నిజానికి అది నిజాం షాహీ మంత్రి సలాబత్ ఖాన్ సమాధి. అయినా జనం నోట ఆమె పేరే నిలిచింది. ఆమె కాపాడిన కోటలోనే క్విట్ ఇండియా ఉద్యమ కాలంలో జవహర్‌లాల్ నెహ్రూ, వల్లభ్‌భాయ్ పటేల్, అబుల్ కలాం ఆజాద్‌లతో పాటు తెలుగు నేత భోగరాజు పట్టాభి సీతారామయ్య బందీలుగా గడిపారు. నెహ్రూ అక్కడే రాసిన డిస్కవరీ ఆఫ్ ఇండియాలో ఆ కోటను తలచుకుంటూ చాంద్ బీబీని, సొంతవారి చేతిలోనే ఆమె మరణించిన తీరును గుర్తుచేసుకున్నారు.

వియ్యానికైనా కయ్యానికైనా సమ ఉజ్జీ కావాలని తెలుగువారి సామెత. చాంద్ బీబీ రెండింటిలోనూ సమ ఉజ్జీగానే నిలిచింది. కత్తి పట్టినప్పుడు కోట ఆమె వెంట నడిచింది. కత్తి దించి మాట్లాడవలసిన సమయం వచ్చిందని ఆమె గ్రహించినప్పుడు మాత్రం వెంట నడిచేవారు లేకపోయారు.